గీత మీద చీటీ

ల్యాబులో అందరూ ఆమెను చీమ అని పిలిచేవారు. సన్నగా ఉంటుంది, ఒకచోట కుదురుగా నిలబడదు, అందుకే ఆ పేరు వచ్చిందనుకునేవారు కొత్తగా చేరినవాళ్ళు. అదేం కాదు. ఎప్పుడో ఒక ముసలాయన రక్తం ఇవ్వడానికి వచ్చి, సూది తీసేశాక కూడా కళ్ళు గట్టిగా మూసుకుని, "ఎప్పుడు గుచ్చుతావమ్మా?" అని అడిగాడట. అయిపోయింది, లేవండి తాతగారూ అంటే నమ్మలేదట. "చీమ కుట్టినట్టయినా లేదే" అన్నాడట. పక్క బల్ల దగ్గర పనిచేసే అమ్మాయి ఆ మాట పట్టుకుంది. ఆ రోజు నుంచి అసలు పేరు హాజరు పట్టీకే పరిమితమైపోయింది.

పైకి విసుక్కునేది కానీ ఆ పేరంటే ఆమెకు లోలోపల ఎంత మురిపెమో. పిల్లలు, ముసలివాళ్ళు, సూది పేరు చెబితే ఒళ్ళు చల్లబడేవాళ్ళు, అందరూ ఆమె బల్ల దగ్గరే వరస కట్టేవారు. పక్క బల్ల ఖాళీగా ఉన్నా సరే, ఆమె కోసమే కూర్చునేవారు. ఒక్క పోటుతో పని ముగించడం ఆమెకు పెట్టింది పేరు. అదే ఆమె బలహీనత కూడా. ఒకే మనిషికి రెండోసారి గుచ్చాలంటే ఆమెకు ప్రాణం పోయినంత పని.

ఎర్ర మూత ట్యూబులు, ఊదా మూత ట్యూబులు ఎలాగోలా సర్దుకుపోతాయి. నీలం మూతదే పేచీకోరు. అది రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే పరీక్షకు వాడేది. దారిలోనే గడ్డకట్టకుండా అందులో ముందే కాస్త మందునీళ్ళు పోసి ఉంచుతారు. ట్యూబు మీద ఒక గీత ఉంటుంది. రక్తం ఆ గీత దాకా రావాలి, అటూ ఇటూ కాకూడదు. నిండాక మెల్లగా తలకిందులు చేసి కలపాలి తప్ప గిలక్కొట్టకూడదు. ఫ్రిజ్‌లో దాచకూడదు, బల్ల మీద మర్చిపోకూడదు, చేతిలో ఉండగానే లోపలి గదికి చేర్చాలి.

ఆ లోపలి గదిలో, అద్దాల తలుపు వెనక, మిషన్ల మధ్య సోడాబుడ్డి ఉండేవాడు. కళ్ళద్దాలు అంత మందం మరి. ఒక్కో నీలం ట్యూబునూ దీపానికి ఎదురుగా పట్టుకుని, గీత దగ్గర కన్ను పెట్టి చూసేవాడు. వెంట్రుకవాసి తగ్గినా ఒప్పుకునేవాడు కాదు. "ఇది నాకొద్దు, మళ్ళీ తీసుకురా" అని కిటికీలోంచి తిరగ్గొట్టేవాడు. ఒకసారి ల్యాబు యజమాని బావమరిదిది కూడా అలాగే తిరగ్గొట్టాడు. ఆయన ఒంటికాలి మీద లేచినా సరే, వినలేదు. మనిషి మంచివాడే కానీ ట్యూబు దగ్గరికి వచ్చేసరికి చుట్టమూ లేదు, పక్కమూ లేదు.

చీమ మామగారు దర్జీ. కొన్నేళ్ళ కిందట గుండెలో ఒక కవాటం పాడైతే తీసేసి లోహంతో చేసినది పెట్టారు. దగ్గర కూర్చుని చెవి రిక్కిస్తే టిక్కుటిక్కుమని వినిపించేది. "చిన్నప్పుడు గడియారం మింగాను" అని చుట్టుపక్కల పిల్లలకు చెప్పి నమ్మించేవాడు. ఆ లోహం మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ పలచబరిచే మాత్ర వేసుకోవాలి. ఎక్కువైతే రక్తం కారి ప్రమాదం, తక్కువైతే గడ్డకట్టి ప్రమాదం. అందుకని నెలనెలా రక్తం పరీక్ష చేయించి, వచ్చిన అంకెను బట్టి డాక్టరమ్మ మాత్ర ఎంతో చెప్పేది. అంకె పెరిగిందంటే రక్తం మరీ పలచబడిందని అర్థం.

ఆయన రక్తం కోడలే తీయాలి. ఇంకెవరు సూది పట్టుకొచ్చినా ససేమిరా అనేవాడు. అంత పెద్ద ఆపరేషను చేయించుకున్న మనిషికి ఇంత చిన్న సూదంటే పై ప్రాణాలు పైనే పోయేవి. పొద్దున్నే కుట్టుమిషను పక్కన కుర్చీ వేసుకుని, చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, బేరం మొదలుపెట్టేవాడు.

"ఇవాళ సగం తీసుకో తల్లీ. మిగతాది వచ్చే నెల ఇస్తాను."

"రక్తానికి వాయిదాలుండవు మామయ్యా."

"మరీ అంత పట్టుపడితే ఎలాగమ్మా? ఇంటి మనిషివి. కాస్త తగ్గించుకోవాలి."

"మీరు మీ గిరాకీలకు ఎప్పుడైనా తగ్గించారా?"

"అది వేరు. అది వ్యాపారం."

వంటింట్లోంచి అత్తగారు నవ్వేది. ఈలోగా సూది లోపలికి వెళ్ళడం, ట్యూబు నిండటం, దూది పెట్టడం అన్నీ అయిపోయేవి. బేరం ఓడిపోయినట్టు మొహం పెట్టి, టీ తాగి, మిషను తొక్కడం మొదలుపెట్టేవాడు. ఆమెకు కన్నతండ్రి లేడు. ఆ లోటు ఈ ఇంట్లో తీరిందని ఎవరితోనూ అనలేదు కానీ ఆమె మనసుకు తెలుసు.

ఆ ఏడాది ఆయనకు జ్వరం వచ్చి ఆస్పత్రిలో కొన్నాళ్ళు పడుకుని లేచాడు. సెలైన్లు ఎక్కించీ ఎక్కించీ చేతుల్లో నరాలు చితికిపోయాయి. ఇంటికి వచ్చాక మొదటిసారి రక్తం తీసిన రోజున నరం దొరికింది కానీ, ట్యూబు సగం దాటగానే ముడుచుకుపోయింది. సూది కాస్త వెనక్కి లాగి చూసింది, కాస్త పక్కకు తిప్పి చూసింది. ఆయన పెదవి కొరుక్కున్నాడు. కంటి చివర నీరు నిలిచింది.

"చాల్లే తల్లీ. ఈ ఒక్కసారికి వదిలెయ్యి" అన్నాడు. అది బేరం కాదు, నిజంగానే బతిమాలాడు.

ఆమె సూది తీసేసింది. రెండో చెయ్యి పట్టుకుని మళ్ళీ గుచ్చడానికి మనసు రాలేదు. కాస్త తక్కువైతే కొంపలేం మునగవనుకుంది. కానీ సోడాబుడ్డి ఊరుకోడే. ల్యాబుకు వెళ్ళాక పేరు అచ్చువేసిన చీటీని తీసుకుని, మామూలుగా అతికించే చోట కాకుండా, సరిగ్గా గీత మీదికి వచ్చేలా, ట్యూబు చుట్టూ తిప్పి అతికించింది. కింద ఎర్రగా కనబడుతుంది తప్ప ఎక్కడిదాకా నిండిందో తెలియదు. అది ఆమె చేతి ట్యూబు, ఇంతవరకు ఒక్కటీ తక్కువ రాలేదు, పైగా మామగారిది. సోడాబుడ్డి దీపం దాకా కూడా తీసుకెళ్ళలేదు.

అంకె పెరిగి వచ్చింది. డాక్టరమ్మ ఫోనులో రిపోర్టు విని, రక్తం పలచబడిందని, మాత్ర తగ్గించమంది. ఇంట్లో అందరూ సంతోషించారు. మందు తగ్గిందంటే మనిషి బాగుపడుతున్నాడనే కదా ఎవరైనా అనుకునేది. మామగారైతే ఎదురింటివాళ్ళను పిలిచి మరీ చెప్పాడు.

రెండు వారాలకు మళ్ళీ చూడమన్నారు. ఈసారి ఆమె సూది పెట్టకముందే ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. మళ్ళీ సగం దాటాక ఆగిపోయింది. మళ్ళీ చీటీ గీత మీదికి చేరింది. మొదటిసారి అటూ ఇటూ చూసి అతికించింది కానీ రెండోసారి చూడలేదు. తప్పు అలవాటు కావడానికి ఎంతో కాలం పట్టదు. అంకె ఇంకా ఎక్కువే ఉందని మాత్రను ఇంకాస్త తగ్గించారు.

ఆ తర్వాతి వారంలో ఒక మధ్యాహ్నం, భోజనాల గదిలో, పక్క బల్ల అమ్మాయి సోడాబుడ్డి మీద విరుచుకుపడింది. ఆ పొద్దున ఆమె ట్యూబు ఒకటి తిరగ్గొట్టాడు.

"కొంచెం తగ్గిందని పాపం ఆ పెద్దావిడను రెండుసార్లు పొడిపించావు. నీకు జాలి లేదా అన్నయ్యా?"

సోడాబుడ్డి క్యారేజీ మూత తీస్తూ, "జాలి ఉంది కాబట్టే తిరగ్గొట్టాను" అన్నాడు. "ట్యూబులో మందునీళ్ళు నిండా ఉండే రక్తానికి సరిపడా పోస్తారు. నువ్వు సగం రక్తమే పోశావనుకో, మందు ఎక్కువైపోతుంది. మిషనులో ఆ రక్తం ఎంతకీ గడ్డకట్టదు. అంకె పెరిగి వస్తుంది. డాక్టరు ఏమనుకుంటాడు? రక్తం మరీ పలచగా ఉందనుకుని మాత్ర తగ్గిస్తాడు. లోపల అసలు రక్తం మామూలుగానే ఉంటుంది. మాత్ర తగ్గేసరికి ఇక గడ్డకట్టడమే తరువాయి."

"అమ్మో" అని ఆ అమ్మాయి మళ్ళీ తన భోజనంలో పడింది.

చీమ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. గీత దాకా నింపాలని శిక్షణలో చెప్పారు, ఎందుకో కూడా చెప్పే ఉంటారు. పరీక్ష పాసయ్యాక ఎందుకన్నది మర్చిపోయి, నింపాలన్నది మాత్రం గుర్తుపెట్టుకుంది. అంకె పెరిగి వచ్చింది, మాత్ర తగ్గించారు. మళ్ళీ పెరిగి వచ్చింది, మళ్ళీ తగ్గించారు. ఒంట్లో బాగాలేదని చెప్పి, సూదులు, ట్యూబులు ఉన్న సంచి భుజాన వేసుకుని ఇంటికి పరుగులాంటి నడక నడిచింది.

మామగారు మంచం మీద వెల్లకిలా పడుకుని రేడియో వింటున్నాడు. మనిషి శుభ్రంగా ఉన్నాడు.

"మామయ్యా, ఒక్కసారి లేవండి. రక్తం తీయాలి."

"మొన్ననేగా తీశావు?"

"మళ్ళీ తీయాలి."

"ఎందుకటా?"

ఆ ఎందుకు అన్న మాట దగ్గర ఆమె నీళ్ళు నమిలింది. "ఊరికే, ఇంకోసారి చూద్దామని" అంది. ఆయన చెయ్యి దుప్పట్లో దాచుకున్నాడు. అత్తగారు వచ్చి, "చెయ్యి చూడమ్మా, ఇంకా నల్లగా కమిలే ఉంది. తిని పడుకున్నాడు, ఇప్పుడొద్దులే. రేపు పొద్దున చూద్దువుగాని" అంది.

రేపు కాదత్తయ్యా, నేను ట్యూబు సరిగ్గా నింపలేదు, చీటీతో కప్పిపెట్టాను, అందుకే ఆయన మాత్ర తగ్గింది. ఇంతే చెప్పాలి. ఈ మాట చెబితే ఆయనే లేచి కూర్చుని చెయ్యి చాపుతాడు. కానీ నోరు పెగలలేదు. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో ఆమె చెయ్యంటే ఎంత నమ్మకం! ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? వరండాలోకి వెళ్ళి డాక్టరమ్మకు ఫోను కలిపింది. అవతల మోగుతుండగానే కట్టేసింది. పొద్దున్నే నిండా తీస్తే అసలు అంకె వస్తుంది, డాక్టరమ్మే మాత్ర పెంచుతుంది, ఎవరికీ తెలియకుండా అంతా సర్దుకుపోతుంది అనుకుంది. మూడు వారాలు ఏమీ కానిది ఒక్క పూటలో ఏమవుతుందిలే అని తనకు తాను సర్ది చెప్పుకుంది. మనిషికి తన పరువు మీద ఉండే తీపి ఎంత చెడ్డదో ఆమెను చూస్తే తెలిసేది.

తెల్లవారి ఆమె సూదులు, దూది పళ్ళెంలో సర్దుతుండగా మామగారు అద్దం ముందు చొక్కా తొడుక్కుంటున్నాడు. బొత్తాం కాజాలోకి వెళ్ళలేదు. మళ్ళీ పెట్టబోయాడు. వేళ్ళు మాట వినలేదు. జీవితమంతా బొత్తాలు కుట్టిన మనిషి, ఏమిటిది అన్నట్టు తన కుడిచేతిని తానే చూసుకున్నాడు. కోడలిని పిలవబోతే మాట రాలేదు. ఏదో మూలుగు వచ్చింది. మూతి ఒక పక్కకు జారింది. ఆమె పళ్ళెం వదిలేసి పట్టుకునేలోపే గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

ఆస్పత్రిలో ఆ పూటంతా ఎవరెవరో వచ్చారు, ఏవేవో పరీక్షలు చేశారు. గుండెలో కట్టిన గడ్డ కొంత ముక్క తెగి తలలోకి వెళ్ళిందన్నారు. ప్రాణానికి ప్రస్తుతానికి భయం లేదు, కుడివైపు చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట ఎంత వరకు తిరిగొస్తుందో చెప్పలేమన్నారు. మధ్యాహ్నానికి ఆయన్ను వార్డులోకి మార్చారు. తెలివి ఉంది. అందరి మాటలూ వినబడుతున్నాయి. కళ్ళు ఒక్కొక్కరి మీదా ఆగుతున్నాయి.

డాక్టరమ్మ వచ్చింది. మామగారి గుండె వైద్యం మొదటి నుంచీ ఆమెదే. మంచం చుట్టూ అత్తగారు, కొడుకు, కోడలు నిలబడ్డారు.

"నాకొక సంగతి అర్థం కావట్లేదు" అంది డాక్టరమ్మ. "పోయిన వారం రిపోర్టులో రక్తం చాలా పలచగా ఉంది. ఇవాళ చూస్తే అసలు మాత్రే వేసుకోని మనిషి రక్తంలా ఉంది. నేను తగ్గించిన మాట నిజమే, కానీ దానికి ఇంత తేడా రాదు. మాత్రలు ఇచ్చేదెవరు?"

"నేనేనమ్మా" అంది అత్తగారు. "రాత్రి భోజనం కాగానే నా చేత్తోనే ఇస్తాను."

"రోజూ ఇచ్చారా? కొన్ని రోజులు మర్చిపోయి ఉంటారా? నిజం చెప్పండి, తిట్టడానికి అడగట్లేదు."

"ఇచ్చానమ్మా. ఇచ్చాననే అనుకుంటున్నాను."

కొడుకు రాత్రింబవళ్ళు లారీ నడిపి వచ్చి, నిద్రలేని కళ్ళతో ఉన్నాడు. "అనుకోవడమేంటమ్మా?" అన్నాడు గొంతు పెంచి. "గుర్తు తెచ్చుకో. మొన్న పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయావా లేదా? తాళం తలుపుకే వదిలేసి వెళ్ళావా లేదా? ఇది కూడా అలాగే చేశావా?"

అత్తగారు బిక్కచచ్చిపోయింది. చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, "ఇచ్చానురా. పోయిన సోమవారం మీ చెల్లెలితో ఫోను మాట్లాడుతూ, ఆ రోజు ఇచ్చానో లేదో. ఏమోరా, గుర్తు రావట్లేదు" అంది. కాసేపటికి, "నేనే చంపుకున్నట్టున్నానురా మీ నాన్నని" అంది. ఆవిడకు ఏడుపు కూడా రాలేదు. మంచం అంచు పట్టుకుని నిలబడింది.

మంచం మీద మామగారు ఎడమచెయ్యి ఎత్తి అడ్డంగా ఊపుతున్నాడు. ఇచ్చింది, రోజూ ఇచ్చింది, దాని తప్పేం లేదు అని చెప్పబోతున్నాడని చూసినవాళ్ళకెవరికైనా తెలుస్తుంది. నోట్లోంచి మాత్రం ఊ, ఊ అన్న శబ్దమే వచ్చింది. తనకు మాట రావట్లేదన్న సంగతి మళ్ళీ మళ్ళీ మర్చిపోయి, మళ్ళీ మళ్ళీ ప్రయత్నించాడు. కొడుకు ఆ చెయ్యి పట్టుకుని, "మీరు ఊరుకోండి నాన్నా" అని పక్క మీద ఆనించాడు.

చీమకు ఇంతవరకు ఒక చిన్న ఆశ ఉండేది. ఎవరూ అడగరు, ఎవరికీ తెలియదు, ఇకనుంచి జాగ్రత్తగా చూసుకుంటే చాలు అని. ఆ ముసలావిడ మంచం పట్టె పట్టుకున్న వేళ్ళు చూశాక ఆ ఆశ మీద ఆమెకే అసహ్యం వేసింది.

"అత్తయ్య ఇచ్చింది" అంది. "రోజూ ఇచ్చింది. తప్పు రిపోర్టుల్లో ఉంది."

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది.

"ట్యూబు నిండలేదు. రెండుసార్లూ సగం దాటి ఆగిపోయింది. మళ్ళీ గుచ్చడానికి మనసు రాలేదు. ల్యాబులో తిరగ్గొడతారని గీత కనబడకుండా చీటీ అతికించాను. అందుకే అంకె పెరిగి వచ్చింది. అసలు రక్తం అప్పుడు పలచగా లేదు. మీరు మాత్ర తగ్గించాల్సిన అవసరమే లేదు."

ఆమె గొంతు ఎక్కడా తడబడలేదు. చెప్పడం మొదలుపెట్టాక చెప్పడం తేలికే. డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుని, "సాయంత్రం మళ్ళీ ఒక శాంపిల్ కావాలి" అని నర్సుకు చెప్పి వెళ్ళిపోయింది.

అత్తగారు కోడలి మొహంలోకి చాలాసేపు చూసింది. తిట్టలేదు. "అయితే నేను మర్చిపోలేదన్నమాట" అంది. అని స్టూలు మీద కూర్చుని, అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది.

భర్త కిటికీ దగ్గరికి వెళ్ళి, అక్కడి నుంచే అడిగాడు. "రిపోర్టు తప్పని నీకెప్పుడు తెలిసింది?"

ఇది ఎవరైనా అడుగుతారని ఆమెకు తెలుసు. పొద్దున్నే తెలిసిందని చెప్పవచ్చు. ఇప్పుడే అర్థమైందని చెప్పినా నమ్ముతాడు.

"నిన్న మధ్యాహ్నం" అంది.

మంచం మీది మనిషి ఊ అనడం ఆపేశాడు. నిన్న మధ్యాహ్నం రేడియో వింటూ తాను చెయ్యి దుప్పట్లో దాచుకోవడం, ఎందుకటా అని అడగడం, కోడలు ఊరికే అనడం ఆయనకు జ్ఞాపకం వచ్చాయో లేదో కానీ, కళ్ళు మాత్రం ఆమె మీది నుంచి మెల్లగా పక్కకు వెళ్ళిపోయాయి.

సాయంత్రం నర్సు పళ్ళెంతో వచ్చింది. కొత్త పిల్ల. ఎడమచేతికి రబ్బరు పట్టీ కట్టి, తట్టి, నొక్కి, వెతికి, ఒకచోట గుచ్చింది. రాలేదు. చెమటలు పట్టాయి. "అక్కా, మీరు ఈ పనే చేస్తారట కదా. మీరు తియ్యరా?" అంది.

చీమ లేచి మంచం దగ్గరికి వచ్చింది. నరం ఎక్కడుందో ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు, మోచేతి మడతకు కాస్త పైన, లోపలి వైపు. "మామయ్యా, నేను తీస్తాను. ఈసారి సరిగ్గా తీస్తాను" అంది.

ఆయన చెయ్యి ఆమె వేళ్ళ కింది నుంచి వెనక్కి జరిగింది. విదిలించుకోలేదు, కోపంగా లాక్కోలేదు. మెల్లగా తీసుకెళ్ళి నర్సు ముందు పెట్టాడు. ఆ పిల్ల ఇద్దరి మొహాలూ చూసి, ఏమీ అర్థం కాక, మళ్ళీ సూది అందుకుంది. రెండోచోట కూడా దొరకలేదు. చర్మం కింద నల్లగా ఉబ్బింది. ఆయన పళ్ళు బిగించి పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. కోడలు అక్కడే, చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడి ఉంది. నర్సు మూడోచోటు కోసం తడుముతుంటే, ఆయనే మోచెయ్యి తిప్పి ఆ పిల్లకు వీలుగా పెట్టాడు.